పది సెంటీమీటర్ల బావ

అక్క కుట్టుమిషన్ సొరుగులో టేపు కనిపించలేదంటే బావ స్పీడ్ బ్రేకర్ దగ్గరున్నాడని లెక్క. జాకెట్ల కొలతలు తీసే టేపుతో ఆయన హైదరాబాదుని కొలుస్తుంటాడు. స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి నడుం విరక్కుండా దాటాలి. ఇది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. మా గల్లీలోది 18 తేలింది. బావ దాని పక్కన టేపు నిలబెట్టి ఫొటో తీసి, ‘ఇది స్పీడ్ బ్రేకరా, సమాధా?’ అని ఫేస్‌బుక్కులో పెట్టాడు. సాయంత్రానికి వంద లైకులు. టేపుకంటిన తారు మాత్రం పక్కింటావిడ పెళ్ళి జాకెట్టుకెక్కింది. ఆవిడా లైకు కొట్టింది. అప్పటికింకా జాకెట్టు చూసుకోలేదు పాపం.

అసలు ఆ స్పీడ్ బ్రేకర్ పుట్టిందే బావ పుణ్యాన. ‘పిల్లలు తిరిగే గల్లీలో బండ్లు రాకెట్లలా పోతున్నాయి, అడిగే నాథుడే లేడా’ అని రెండేళ్ళ కిందట నలభై రోజులు ఏకధాటిగా రాశాడు. ఆ రాతలు పడలేక గల్లీవాళ్ళం తలా రెండొందలు వేసుకుని మేస్త్రీని పిలిచాం. ఎత్తెంత సార్ అని మేస్త్రీ అడిగితే, ‘మా బావ స్కూటర్ ఆగేంత’ అన్నది నేనే. ఈ సంగతి ఆయనకి ఇప్పటిదాకా తెలీదు.

ఇలాంటి బావో బాబాయో మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. రిటైరయ్యాక పొద్దున్నే వాకింగుకని షూ వేసుకుంటాడు, గేటు దాకా నడుస్తాడు, అక్కడ ఫోను తీస్తాడు. టైపింగు ఒంటివేలుతో. కోపం ఎక్కువైన రోజు ఆ వేలు చాలక నోటితో చెప్పి రాయిస్తాడు. అందుకే ఆయన పోస్టు ఫేస్‌బుక్కులోకి ఎక్కకముందే గల్లీ మొత్తానికి వినబడుతుంది. ఒకసారి ‘గౌరవనీయులైన కార్పొరేటర్ గారికి కామా’ అని గట్టిగా చెబితే ఫోను ఆ కామాని కూడా అక్షరాలా రాసేసింది. దిద్దుకోకుండానే పంపాడు.

ఆయన వాదనకి మూడు మెట్లు. మొదటి మెట్టు గుంత. రెండో మెట్టు ‘మీ పార్టీ హయాంలో ఏం జరిగింది?’ మూడో మెట్టు 74వ రాజ్యాంగ సవరణ. 1993 జూన్ 1న అది అమల్లోకొచ్చిందనీ, మూడు లక్షలకి తగ్గని జనాభా ఉన్న ఊళ్ళో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ చెబుతోందనీ అప్పజెప్పాడంటే ఎదుటివాడు గుడ్ నైట్ చెప్పాల్సిందే. ఈ మధ్య పాలవాడు రెండు రోజులు రాకపోయినా 243-ఎస్ అంటున్నాడు.

ఫుట్‌పాత్ మీద ఆయనకి మరీ పట్టుదల. మనిషి నడవడానికి 1.8 మీటర్లు ఖాళీగా ఉండి తీరాలంటాడు. తోపుడు బండ్లన్నీ ఎత్తేయాలని వారానికో పోస్టు. ఒకరోజు నిజంగానే ఎత్తేశారు. ఆయన రోజూ సాయంత్రం మిర్చి బజ్జీ తినే బండితో సహా. ఆ రాత్రే బావకి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దొరికింది. సర్వే చేసి ధ్రువపత్రం ఇవ్వకుండా వాళ్ళని కదిలించడానికి వీల్లేదట, వెండింగ్ కమిటీలో 40 శాతం వాళ్ళే ఉండాలట. పేదవాడి పొట్ట కొట్టొద్దని రాస్తూ ఏడ్చినంత పనిచేశాడు. దాని కింద ఎవరో ఆయన పాత పోస్టుల స్క్రీన్‌షాట్లు వరసగా పెట్టారు. ఎవరో ఏమిటి, నేనే.

అంత గొప్పవాణ్ణా నేను? 2020 డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికలు. 150 డివిజన్లు కలిపినా సగం మంది కూడా ఓటుకి కదల్లేదు. బావ పొద్దున్నే వేసొచ్చి, సిరా వేలు చూపిస్తూ ‘ఇళ్ళలో పడుకున్న వాళ్ళకి గుంతల గురించి మాట్లాడే హక్కు లేదు’ అని పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఓటు వేయకపోవడం కూడా నిరసనే అవుతుందా కాదా అని ఆయనతో వాదన పెట్టుకున్నాను. తల ఎత్తి చూసేసరికి పోలింగ్ టైమైపోయింది.

పోయిన వానాకాలం ఒక రాత్రి గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. త్వరగా పోతాయని మావాళ్ళే ఎవరో మ్యాన్‌హోల్ మూత తీసేశారు. అలా తీయొద్దని జలమండలి ఏటా మొత్తుకుంటూనే ఉంటుంది, వినేదెవరు? పై వాటా బాల్కనీలోంచి చూద్దును కదా, బావ లుంగీ ఎగ్గట్టి ఆ గుంత పక్కన నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టిన బూజుకర్ర. ‘ఇటు కాదు నాయనా, గోడవారగా పో’ అని వచ్చే ప్రతి బండికీ దారి చూపిస్తున్నాడు. మూత వెతకడానికెళ్ళిన కుర్రాళ్ళు తిరిగొచ్చేదాకా కదలనన్నాడట. ఒక్క ఫొటో కూడా తీసుకోలేదు.

నాకే మనసాగక ఫొటో తీసి, ‘మురుగు మ్యాన్‌హోల్ దగ్గర మా బావ కాపలా’ అని పెట్టాను. నిమిషం తిరక్కుండా కామెంటు. ‘మురుగుదని ఎవరు చెప్పారు? మురుగైతే జలమండలి, వాననీటి కాలువైతే జీహెచ్‌ఎంసీ. తెలుసుకుని రాయి.’ కిందికి చూశాను. గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించి ఒంటివేలుతో కొడుతున్నాడు. ‘దగ్గరున్నది మీరు, చూసి మీరే చెప్పండి’ అని రాశాను. ఫోను లైటు వేసి గుంతలోకి వంగి చూశాడు కూడా.

పదకొండు కామెంట్లయ్యాక గేటు దగ్గర్నుంచి అక్క కేకేసింది. ‘ఆయన నీళ్ళల్లో, నువ్వు పొడిగా మేడ మీద. దిగొచ్చి ఆ కర్రన్నా పట్టుకోరా!’

సిగ్గేసి దిగాను. కర్ర, గొడుగు రెండూ నా చేతికిచ్చేసి, బావ రెండు చేతులా టైపు చేయడం మొదలుపెట్టాడు.