ఆరున్నరో అధ్యాయం

ఐక్యరాజ్యసమితి నిబంధనావళిలో ఆరో అధ్యాయం తగాదా పడ్డవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించమంటుంది. వినకపోతే సైన్యాన్ని దింపమంటుంది ఏడోది. నీలి టోపీల శాంతి సేన ఈ రెండింట్లోనూ లేదు. దాని చోటు ‘ఆరున్నరో అధ్యాయం’ అని సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ అన్నాడంటారు. లేని ఇంటికి డోర్ నంబరు పడ్డాక అద్దెకు దిగేవాళ్లకు కొదవా? సిద్ధాంతకర్తలు అప్పటినుంచీ అక్కడే కాపురం.

గృహప్రవేశం నాడు గోడకు మూడు సూత్రాలు తగిలించారు. కొట్టుకునేవాళ్ల సమ్మతి ఉండాలి, ఎవరి పక్షమూ వహించకూడదు, ఆత్మరక్షణకు తప్ప తుపాకీ పేల్చకూడదు. 1967లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సమ్మతి వెనక్కి తీసుకున్నాడు. సేన మూటాముల్లె సర్దుకునేలోపే యుద్ధం వచ్చిపడింది. గాజాలో ఇంకా మిగిలిన మన సైనికుల్లో కొందరు ఆ సర్దుళ్ల మధ్యే ప్రాణాలు వదిలారు. సూత్రాలకు మాత్రం గీత కూడా పడలేదు.

రువాండా సంగతి చూడండి. ఆయుధాలు దాచారని, టుట్సీ తెగవాళ్ల పేర్లు రాసుకుంటున్నారని, చంపడానికే అనిపిస్తోందని, తాను వెళ్లి ఆ ఆయుధాలు పట్టుకుంటానని అక్కడి శాంతి సేనాని రోమియో డలేర్ 1994 జనవరి 11న కిగాలీ నుంచి న్యూయార్క్‌కు కబురు పంపాడు. అది మీకిచ్చిన పనిలో లేదు, వెళ్లి దేశాధ్యక్షుడికి చెప్పండి, అని జవాబు. ఆ ఆయుధాలు అధ్యక్షుడి పార్టీ వాళ్లవే! దొంగల సంగతి దొంగల మామగారికి విన్నవించమన్నమాట. ఇదే నిష్పాక్షికత.

ఏప్రిల్‌లో ఊచకోత మొదలైంది. పదిమంది బెల్జియం సైనికులను చంపేశారు. అప్పుడు భద్రతామండలి కళ్లు తెరిచి, రెండున్నర వేల సేనను 270కి కుదించింది. వాషింగ్టన్‌లో అధికార ప్రతినిధి ఒకరు, జరుగుతున్నవి ‘జాతిహనన చర్యలు’ అని ఒప్పుకున్నారు గానీ జాతిహననం అనలేదు. అలాంటి చర్యలు ఎన్ని కలిస్తే జాతిహననం అవుతుందని ఓ విలేకరి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబిచ్చే స్థితిలో లేనన్నారు. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది పోయారు. వ్యాకరణం బతికింది.

బోస్నియాలో ఆరు పట్టణాలకు ‘సురక్షిత ప్రాంతాలు’ అని బోర్డు కట్టారు. కాపాడటానికి 34,000 మంది కావాలంటే, బేరమాడి 7,600తో సరిపెట్టారు. ఆ బోర్డును నమ్మి స్రెబ్రెనిత్సాలో తలదాచుకున్నవాళ్లలో సుమారు 8,000 మంది మగవాళ్లను, మగపిల్లలను 1995 జులైలో చంపేశారు.

ఇక విశేషణాల పంట. తటస్థత వేరు, నిష్పాక్షికత వేరు అని 2000లో బ్రహీమీ నివేదిక తేల్చింది. ‘దృఢమైన’ శాంతి పరిరక్షణ వచ్చింది. 2013లో కాంగోకు ఏకంగా దాడిచేసే దళాన్నే పంపుతూ, ఇది ప్రత్యేక సందర్భం, దీన్ని ఆనవాయితీగా తీసుకోరాదు, మా సూత్రాలకు భంగం లేదు అని తీర్మానంలో రాసుకున్నారు. ఈ ఒక్కరోజే పుచ్చుకుంటున్నాను, నా వ్రతం అలాగే ఉందనే బాపతు.

అదే ఏడాది కొందరు పండితులు ఓపిగ్గా లెక్కలు కట్టి, సైనికులూ పోలీసులూ ఎక్కువమంది వెళ్లినచోట సామాన్యుల చావులు తగ్గాయని కనిపెట్టారు. 1994లో కిగాలీలో అమహోరో స్టేడియం గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఇది చదవలేదు పాపం. మండలి చెప్పిన 270ని మించి, ఘనా సైనికులు ఎక్కువగా ఉన్న గుప్పెడు మంది అక్కడే ఉండిపోయారు. లోపల వేలమంది బతికారు.