‘నీడ్‌ఫుల్’కు టీకా తాత్పర్యం

మూలం: “డియర్ ఐటీ టీమ్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ ఆన్ టాప్ ప్రయారిటీ.”

అవతారిక: పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు లేచాయి. పేరు అక్కర్లేని అలాంటి ఒకదానిలో, రాత్రి 1.40కి ఈ మహావాక్యం అవతరించింది. కర్త స్టోర్స్ మేనేజరు. సీసీలో పదకొండు మంది సాక్షులు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మూలంలోనే ఏమీ లేకపోతే ఏం చేయాలో ఆయన సెలవివ్వలేదు గనక మాకు కొంత వెసులుబాటు ఉంది.

ప్రతిపదార్థం: డియర్ = సులభం, వదిలేస్తున్నాం. ఐటీ టీమ్ = హిందూపురం నుంచి వచ్చే నేను, ధర్మవరం నుంచి వచ్చే ఇంకో కుర్రాడు. కంపెనీకి ఒక్క షెడ్డున్నప్పుడూ ఇద్దరమే, మూడు షెడ్లయ్యాకా ఇద్దరమే. సంస్కృతంలో అయితే ద్వివచనం వేసి మా లెక్క తేల్చేవారు. తెలుగులో అది లేకపోబట్టి పైవాళ్లకు మేం బహువచనంగా, అంటే బోలెడు మందిగా కనిపిస్తున్నాం. కైండ్లీ = ‘తు’, ‘హి’, ‘వై’ల వంటి పాదపూరణం; అర్థం వెతకరాదు. టాప్ ప్రయారిటీ = ఇక్కడ అతివ్యాప్తి దోషం. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా ఆవే అయినట్టు, ఆగిన సర్వరూ టాపే, పెద్దసారు మౌసూ టాపే.

విశేషం: నీడ్‌ఫుల్ = కావలసినది. ఏం కావాలో కర్త చెప్పలేదు, ధ్వని. మాకు కావలసినది మాత్రం వాచ్యంగానే మూడుసార్లు రాసి పంపాం: ఇంకో మనిషి, ఇంకో ప్రింటరు. అప్రూవల్ రావాలన్నారు.

అప్రూవల్ అనగానే ఈ సీమలో విరూపణ్ణ గుర్తుకు రావాలి. విజయనగర రాజుల కాలంలో పెనుకొండ కోశాధికారి. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో లేపాక్షి గుడి కట్టించాడని నింద పడితే, శిక్ష పడకముందే తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని ఐతిహ్యం. ఆ మరకలివేనని ఇప్పటికీ గోడను చూపిస్తారు. ‘లేపాక్షి’లోని ‘అక్షి’ ఆ కన్నేనని ఒక వ్యుత్పత్తి. కాదు, నేలకూలిన జటాయువును రాముడు “లే, పక్షీ” అన్నాడని మరొకటి. మొదటిదానిలో సంస్కృతం తడబడుతుంది, రెండోదానిలో చరిత్ర. నా ఓటు రెండోదానికే. రెక్కలు తెగినవాణ్ణి పట్టుకుని లెమ్మనడం మా షిఫ్టుకు బాగా అతుకుతుంది. ఆ గుడిలోని వేలాడే స్తంభం గురించి అందరూ రాశారు గనక నేను రాయను. ఎక్కడున్నాం? అప్రూవల్ దగ్గర. ఇంకా రాలేదు.

ఆక్షేపం: కంప్యూటర్లు వాటంతటవే నడుస్తాయి కదా, ఇద్దరు చాలరా?

సమాధానం: ఆ రాత్రి సెక్యూరిటీ అతను ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పాడు: “లారీ గేటు కాడే నిలబడుండాది సార్, లేబుల్ పడల్యా.” బార్‌కోడ్ లేబుల్ లేని పెట్టె లారీ ఎక్కదు. కార్ల లైను ఎవరికోసమూ ఆగదు. వెళ్లి చూస్తే లేబుల్ ప్రింటర్‌లో రిబ్బన్ ముడత పడింది. మూత తీసి, రిబ్బన్ సర్ది, హెడ్డు తుడిస్తే పది నిమిషాల పని. నేను లేచి బండి మీద అక్కడికి చేరడానికే గంట దాటింది.

మా కుర్రాడి వాళ్లమ్మ మగ్గాలకు అచ్చు అతుకుతుంది. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టాలి, వేల పోగులు. అంతసేపూ మగ్గం ఆగుతుంది. ధర్మవరంలో ఏ షావుకారూ నేత ఆపకుండా అచ్చు అతకమనడు. మమ్మల్ని మాత్రం మూడు షిఫ్టులూ నడుస్తుండగానే సర్వర్ మార్చమంటారు. ఆ కుర్రాడు పోయిన పండక్కి ఇంటికి వెళ్లలేదు. ఇందులో అలంకారమేమీ లేదు.

తాత్పర్యం: ఓ మేనేజరూ, ఏది చెడిందో ఒక్క వాక్యంలో రాయి, సెక్యూరిటీ అతను రాత్రిపూట నోటితో చెప్పగలిగాడు. మూడో మనిషిని వెయ్యి. అదే నీడ్‌ఫుల్.