రీలు కడిగేవాళ్లు వినకూడని సలహాలు

అటక మీంచి తాతగారి కెమెరా దించి, మూతబడుతున్న ఏ స్టూడియోలోనో ట్యాంకూ సీసాలూ కొనుక్కుని, బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కుంటామనే కుర్రకారును చూస్తే ముచ్చటేస్తుంది. అయితే సామానుతోపాటు వాళ్లకు సలహాలు కూడా దొరుకుతున్నాయి. అందులో కొన్ని రీలును నిలువునా ముంచేవి. ఆ సలహాలు ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ప్రింట్ల పనిలో నేర్చుకున్నదాన్ని రీలుకు, చలిదేశపు పుస్తకంలో చదివినదాన్ని మన మే నెలకు అంటగడుతున్నారు, అంతే. ప్రింటు పాడైతే ఇంకోటి వేసుకోవచ్చు. నెగటివ్ ఒక్కటే ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "ఎర్రబల్బు వేసుకో, ఏం కాదు" అన్న మాట. సినిమాల్లో డార్క్‌రూమ్‌ను ఎప్పుడూ ఎర్రగా చూపిస్తారు కాబట్టి అందరూ నమ్మేస్తారు. ఆ ఎర్ర వెలుగు ప్రింటు కాగితం కోసం; మామూలు బ్లాక్ అండ్ వైట్ కాగితం మీద ఎరుపు పనిచేయదు. హెచ్‌పీ5, ట్రై-ఎక్స్ లాంటి ఫిల్ములు పాన్‌క్రొమాటిక్. ఎరుపుతో సహా కంటికి కనిపించే రంగులన్నీ వాటి మీద పనిచేస్తాయి. కాబట్టి ఫిల్ము స్పూలుకు చుట్టి ట్యాంకు మూత బిగించేదాకా కటిక చీకటే ఉండాలి. గది సరిపోతుందో లేదో తెలుసుకోవాలంటే తలుపేసుకుని ఓ 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. కళ్లు అలవాటు పడ్డాక తలుపు కింద సందు, స్విచ్‌బోర్డు మీది చిన్న దీపం, చేతి గడియారం ముళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. ఎదురుగా పెట్టుకున్న తెల్లకాగితం కనిపించిందంటే ఆ గదిలో రీలు విప్పకండి.

"మూత ఉందిగా, మధ్య గొట్టం లేకపోతేనేం" అని పాత పేటర్సన్ ట్యాంకు అంటగట్టేవాళ్లూ ఉంటారు. స్పూలు నడుమ దూరే ఆ నల్ల గొట్టమూ, గరాటులాంటి మూతా కలిస్తేనే లోపలికి వెలుగు పోదు. గొట్టం లేకపోతే డెవలపర్ పోసే దారిలోంచే వెలుతురు రీలు మీద పడుతుంది. ఎంత చవగ్గా ఇచ్చినా ఆ ట్యాంకు కొనకండి.

స్పూలు కడిగిన వెంటనే ఇంకో రీలు చుట్టేయడం కూడా కూడదు. ప్లాస్టిక్ స్పూలు గాడిలో ఒక్క చుక్క తడి మిగిలినా జిలెటిన్ దానికి అతుక్కుని, ఫిల్ము సగంలో ఆగిపోతుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో చేతి చెమట చాలు. బలవంతంగా తోస్తే ఫిల్ము మడతపడి, బొమ్మ మీద నెలవంకల్లాంటి మచ్చలు వస్తాయి. ఇరుక్కుపోతే రీలునూ స్పూలునూ ట్యాంకులోనే పెట్టి మూతేసి, దీపం వేసుకుని, చేతులు కడిగి తుడుచుకుని, కాసేపాగి మళ్లీ చీకటి చేసుకోండి.

ఇక వేసవి. "నీళ్లు వేడిగా ఉంటే మంచిదే, పని తొందరగా అవుతుంది" అంటారు. తొందరగా అవుతుంది, సమంగా మాత్రం అవదు. నీళ్లు కలపని ఐడీ-11 డెవలపర్‌లో హెచ్‌పీ5 ప్లస్‌కు 20 డిగ్రీల దగ్గర 7.5 నిమిషాలు పడుతుంది. వేడి పెరిగినకొద్దీ ఆ సమయం తగ్గుతుంది. 5 నిమిషాల కిందికి దిగితే పోయడంలో, వంచడంలో వచ్చే తేడాలే ఆకాశంలో మరకలుగా మిగులుతాయి. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు పట్టి చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. ఆ వేడికి జిలెటిన్ ఉబ్బి మెత్తబడి, అంచుల దగ్గర పొరలా ఊడొస్తుంది. డెవలపర్ చల్లగానూ కడిగే నీళ్లు వేడిగానూ ఉంటే పొర ముడుచుకుని, బొమ్మంతా సన్నని పగుళ్ల వలలా తయారవుతుంది. ఉష్ణదేశాల కోసం కొడాక్ తయారుచేసిన డీకే-15 డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలిపింది ఈ ఉబ్బును అరికట్టడానికే. మన ఇంటి పనికి అంత అక్కర్లేదు. టబ్బులో నీళ్లూ ఐసూ వేసి, డెవలపర్, హైపో (ఫిక్సర్), కడిగే నీళ్ల సీసాలన్నీ అందులో నిలబెట్టండి. ఐసు ముక్కలు డెవలపర్‌లోనే వెయ్యమంటే వినకండి, పలచబడిపోతుంది. 20 రాకపోతే 24 దగ్గర ఆగి, డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపి, ఫిల్ము కంపెనీ పట్టికలో ఆ వేడికి చెప్పిన సమయం పాటించండి. పాత థర్మామీటర్‌ను గోరువెచ్చని నీళ్లలో, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ పక్కన ముంచి సరిచూసుకోండి. అది 100 ఫారన్‌హీట్ చూపిస్తే పాతది 38 సెల్సియస్‌కు కాస్త కిందుండాలి.

డీ-76 డెవలపర్ ప్యాకెట్ సగమే కలుపుకోమనేది పొదుపు సలహాలా వినిపిస్తుంది. అందులో మెటాల్, హైడ్రోక్వినోన్, సల్ఫైట్, బోరాక్స్ పొడులు ఉంటాయి. కదిలిన ప్యాకెట్‌లో అవి సమంగా పరుచుకుని ఉండవు, మీ సగంలోకి ఏది ఎంత వచ్చిందో చెప్పలేం. మొత్తం ఒకేసారి కలిపి చిన్న సీసాల్లో నిండుగా పోసుకోండి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం వద్దు, ఇంట్లో పిల్లలుంటారు.

"ఘాటు వాసన వస్తోందిగా, హైపో బాగానే ఉంది" అన్నదీ నమ్మవద్దు. ఫిల్ము చుట్టేముందు కత్తిరించి పారేసే మొదటి ముక్క దాచుకోండి. వెలుతురులోనే దాని మీద ఒక చుక్క హైపో వేసి, అర నిమిషం ఆగి, ముక్కంతా హైపోలో ముంచండి. చుక్క పడ్డ మచ్చకూ మిగతా భాగానికీ తేడా పోయేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, దానికి రెట్టింపు సేపు రీలును ఉంచండి. కొత్త హైపోకు పట్టినదానికి రెట్టింపు పడుతుంటే ఆ హైపో పని అయిపోయినట్టే. డెవలపర్‌కూ ఇలాంటి పరీక్షే: వెలుతురు తగిలిన ముక్కను అందులో వేస్తే కొన్ని నిమిషాల్లో నల్లబడాలి. 50 రూపాయల సామాను కాదు, ఏనాటికైనా చెత్తబుట్టలో పడే ముక్క. దాని సాక్ష్యం ఏ అనుభవజ్ఞుడి మాటకన్నా గట్టిది.

తడి ఫిల్మును వేళ్లతో తుడవకండి. ఒక్క ఇసుక రేణువున్నా బొమ్మలన్నిటి మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు గీత పడుతుంది. ఆఖరిసారి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, ఫ్యాను ఆపేసి బాత్‌రూమ్‌లో వేలాడదీస్తే బోరునీళ్ల మరకలూ ఉండవు, దుమ్మూ అంటదు.

అన్నీ చేశాక కూడా రీలు చెడిపోయినట్టు కనిపిస్తే "పారేయ్" అనే సలహా తయారుగా ఉంటుంది. ముందు అంచు చూడండి. అంచు మీద అంకెలు, అక్షరాలు స్పష్టంగా ఉండి బొమ్మలు లేకపోతే డెవలపర్ పనిచేసింది, కెమెరాలో ఫిల్ము కదల్లేదు. అంకెలు కూడా లేకుండా గాజులా ఉంటే డెవలపర్ చచ్చిపోయిందన్నా కావాలి, ముందుగా హైపో పోశారన్నా కావాలి. ఆ రీలు మళ్లీ రాదు. పాల రంగు తేలి మసగ్గా ఉంటే మాత్రం హైపో చాలలేదని అర్థం. తాజా హైపోలో మళ్లీ వేసి బాగా కడిగితే ఆ రీలు దక్కుతుంది.