నిత్యకృత్యములను అనాలోచితముగా నిర్వర్తించు విధానము

కచేరీ ఉద్యోగమున స్థిరపడదలచిన వారెవరైనను మొట్టమొదట అభ్యసింపవలసిన విద్య ఆలోచింపకుండుట. ప్రొద్దున వచ్చిన తపాలును విప్పి, తేదీముద్ర వేసి, కరెంటు నెంబరును, పంపినవారి పేరును, విషయమును రిజిస్టరులో ఎక్కించి సెక్షనుకు పంపుట యను కార్యమును, ఎడమచేత టీగ్లాసు పట్టుకొని, ప్రక్కసీటువారితో పెండ్లిసంబంధములు ముచ్చటించుచు, కుడిచేత పూర్తిచేయగల గుమాస్తాయే సిద్ధపురుషుడు. దినచర్యను అభ్యాసమునకు అప్పగించినకొలది మనస్సు ఘనకార్యములకు విడుదల పొందునని 1890లోనే మనస్తత్వవేత్త విలియం జేమ్స్ బోధించియున్నాడు. ప్రయత్నపూర్వకమైన పని ఒకే తీరున పెక్కుమార్లు చేయగా అప్రయత్నమగునని 1977లో ష్నైడర్, షిఫ్రిన్ అను పరిశోధకులు ప్రయోగపూర్వకముగా చూపిరి. ఇక కావలసినదేమున్నది? పెక్కుమార్లు చేయుడు. కాకున్నచో మరల చేయుడు. ఉద్యోగవిరమణకు ఇంకను వ్యవధి కలదు.

ఏడీహెచ్‌డీ యను అవధానలోపము కలవారికి ఈ విద్య అబ్బుట కొంత ఆలస్యమగును. ముద్రను చేతబట్టినంతనే కవరుపై రాజోలు అను పేరు కనబడును. ఆ ఊరు గోదావరి పాయలలో వశిష్ఠ యొడ్డున నున్నదా, వైనతేయ యొడ్డుననా యను సందేహము జనించును. సందేహనివృత్తికై పటము చూడగా దృష్టి ధవళేశ్వరముపై పడును. అచ్చట 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేయించిన ఆనకట్ట పొడవెంతయో తెలిసికొని తలయెత్తునప్పటికి టీ చల్లారియుండును, ముద్ర వేసితిమా లేదా యన్నది మాత్రము తెలియరాదు. అష్టావధానమున పృచ్ఛకులు ఎనమండుగురుండినను అప్రస్తుతప్రసంగి యొక్కడే. ఈ గుమాస్తా శిరస్సునందలి సభలో ఎనమండుగురును అప్రస్తుతప్రసంగులే, అవధాని ముద్రకొరకు వెదకుచుండును. కావున పదివేలవ తపాలును గూడ మొదటి తపాలువలె, ఇది యేమి, దీని నేమి చేయవలెను, ముందేది వెనుకేది యని నిర్ణయించుకొనియే ఎక్కించుడు. సాయంకాలమునకు కలుగు అలసటకు కారణమడిగినవారితో ఎండలు మండుచున్నవని చెప్పుడు, నమ్ముదురు.

ఫోనులో అలారము పెట్టుకొనుట ఉత్తమమని పలువురందురు. తప్పక పెట్టుకొనుడు. కొలది దినములలోనే అది మ్రోగుటయు, మీ చేయి దానిని ఆపుటయు మీ ప్రమేయములేకయే జరిగిపోవును. మీకును అభ్యాసబలము కలదని అప్పుడు సంతోషింపవచ్చును.

మరియొక జాగ్రత్త. హైకోర్టుకు పంపవలసిన కౌంటరు ముసాయిదాను, రేపే గడువు అనగా, ఒక్కపూటలో చక్కగా వ్రాసియిచ్చు దురభ్యాసము మీకుండవచ్చును. గడువు మెడపై కూర్చున్నప్పుడు మీ బుద్ధి అట్లే వెలుగును. మానుకొనుడు. "ఇంత వ్రాసినవాడు ఒక్క తపాలు ఎక్కించలేడా? ఒళ్లు బద్ధకం కాకపోతే!" అను సూపరింటెండెంటుగారి తర్కమునకు మీయొద్ద సమాధానము లేదు. కష్టమైన పనిని గూడ చెడగొట్టితిరేని, సులభమైనది మీనుండి ఎవరును ఆశింపరు.

వైద్యుని దర్శింపదలచినచో బాల్యసాక్ష్యము సిద్ధపరచుకొనుడు. 2013 నాటి డీఎస్ఎం-5 అను మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథము ప్రకారము కొన్ని లక్షణములైనను పండ్రెండేండ్లకు ముందే కనబడియుండవలెను. మీ తల్లిగారిని వెంటగొనిపోయిన యెడల, "వాడికి చిన్నప్పటినుంచీ కాస్త పరధ్యానమేనండీ, అంతేకాని జబ్బేమీ లేదు" అని యొక్క వాక్యముననే మీ వ్యాధిని నిరూపించి, అందే కొట్టివేయుదురు.

తుదకు, నిజముగా పనిచేయు ఉపాయమొకటి కలదు గాని దానిని గుప్తముగా నుంచవలెను. అటెండరు ఎదుట స్టూలుపై ఊరక కూర్చుండి పేపరు చదువుకొనుచున్నంతసేపు తపాలు దానంతటదియే ఎక్కును. అతడేమియు చేయడు, చేయనక్కరయు లేదు. పైయధికారికి ఈ సంగతి తెలిసెనా, పనిలేని మనిషిని వేరొక సెక్షనుకు మార్చి, మిమ్ము సమయపాలనపై మూడుదినముల శిక్షణకు పంపును. అచ్చట పూటపూటకు హాజరుపట్టీలో సంతకము చేయవలసియుండును.