పంచరత్నములెన్ని?

గణపవరమునుండి కొల్లేటివైపు పోవు దారిలో, చెరువునకు చేపల మేత వేయించి, గట్టుమీది పాకలో నడుము వాల్చి, ఒక వరాళి యాలాపన విందమని రేడియో త్రిప్పిన శ్రోతకు, గాయకుడు పంచమమును చేరి యచ్చట నిలువబోవు క్షణముననే, "హలో, ఎక్కణ్ణుంచండీ? టిఫినయిందాండీ?" యను కుశలప్రశ్నలు వినవచ్చును. వరాళిని శిష్యునకు ముఖాముఖి నేర్పరాదను నమ్మిక కలదు గాని, వినిపింపరాదని యే గురువును శాసించినట్లు లేదు.

అటుపిమ్మట క్విజ్జు: త్యాగరాజస్వామివారి పంచరత్న కీర్తనలెన్ని? తాడేపల్లిగూడెపు శ్రోత యొకరు "ఏడండీ" యనగా, "చాలా దగ్గరకొచ్చారు!" అని ప్రయోక్త ప్రోత్సహించును. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములను వరుసగా వినిపించినచో మేమే వ్రేళ్ళు మడిచి లెక్కించుకొందుము గదా!

1948లో వెలసిన విజయవాడ రేడియో కేంద్రమున రజనీకాంతరావుగారు, బాలమురళీకృష్ణగారు పనిచేసిన నాళ్ళలో, రాగతాళములు చెప్పి తప్పుకొనుటయే ప్రకటనకర్త మర్యాద. 1952లో ప్రసారమంత్రియైన కేస్కరుగారు, శాస్త్రీయ సంగీతమును జనుల చెవులలో బోయదలచి, సినిమాపాటను వెలివేయగా, శ్రోతలు సిలోను రేడియోను శరణుజొచ్చిరి. 1957లో వివిధభారతి పుట్టినగాని వారు మరలిరాలేదు. నాడు వలదన్నవారికి తప్పని కచ్చేరి నేడు కావలెనన్నవారికి దక్కకున్నది.

ఎట్టకేలకు ఆ క్విజ్జున "అయిదు" అన్న మహానుభావుడొకడు దొరకెను. బహుమతిగా ఆయన కోరిన సినిమాపాట వేసిరి. అది మాత్రము చివరిదాక వినబడెను.