చేత్తో ఎత్తి చూసి కొనేవాళ్లం

ఇప్పటి కుర్రాళ్లు గేమింగ్ కంప్యూటర్ కట్టాలంటే ముందు క్యాబినెట్ ఎంచుకుంటారు. రెండు పక్కలా అద్దం ఉండాలి, లోపల ఫ్యాన్లు రంగులు మార్చుకుంటూ తిరగాలి. ఆ తర్వాతే మిగతావి. కాకినాడలో ఉండే మా మేనల్లుడు మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, తెల్ల క్యాబినెట్ దొరికింది గానీ దానికి మ్యాచింగ్ ర్యామ్ దొరకట్లేదు" అన్నాడు. ర్యామ్‌కి మ్యాచింగేమిట్రా, అదేమన్నా జాకెట్టు ముక్కా?

మా రోజుల్లో క్యాబినెట్‌ది ఒకటే రంగు. కొన్నప్పుడు తెలుపులాంటిది, రెండు వేసవులు గడిచేసరికి పసుపు. లోపల రేకు అంచులు బ్లేడులా ఉండేవి. వేలు తెగకుండా మదర్‌బోర్డ్ బిగించినవాణ్ని నేను చూళ్లేదు.

కొనడమంటే సికింద్రాబాద్ వెళ్లడమే. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. ఒక షాపులో కూర్చుంటే చిన్న చీటీ మీద కొటేషన్ రాసిచ్చేవాడు. పైన ప్రాసెసర్, దాని కింద బోర్డు, ర్యామ్, హార్డ్‌డిస్క్, అట్టడుగున 'క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్'. ఆ చీటీ పట్టుకుని పక్క షాపుకి, అక్కణ్నుంచి పై అంతస్తుకి. ఎక్కడైనా వంద తగ్గిందంటే మళ్లీ కిందికి దిగొచ్చి మొదటివాడి ముందు పెట్టేవాళ్లం. వాడు తల గోక్కుని, "బిల్లు కావాలా, వద్దా?" అనేవాడు. బేరమంతా అయ్యాక మానిటర్ డబ్బాని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి. పదిహేడంగుళాల పాత గాజు మానిటర్ మోసినవాడికి ఇప్పటికీ నడుం గుర్తుచేస్తూనే ఉంటుంది.

కౌంటర్ వెనక మనిషి సత్యహరిశ్చంద్రుడేం కాదు. అమ్ముడుపోకుండా మిగిలిపోయినదాన్నే "బెస్ట్ పీస్ సార్" అని ముందుకు తోసేవాడు. కానీ వాడొక ప్రశ్న వేసేవాడు: ఏ గేమ్ ఆడతారు? రోడ్ రాష్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అంటే బోర్డు మీదున్న గ్రాఫిక్స్‌తో సరిపెట్టేవాడు. 1999లో వచ్చిన క్వేక్ త్రీ అంటే మాత్రం వేరే కార్డు తప్పదు, త్రీడీ కార్డు లేకపోతే ఆ గేమ్ తెరుచుకునేదే కాదు.

అదే ప్రశ్న మావాణ్ని అడిగాను. "అన్నీ ఆడతా మావయ్యా" అన్నాడు. సరే, మానిటర్ ఏది? "అది చివర్లో, డబ్బులు మిగిలితే." నా ఒళ్లు మండేది ఇక్కడే. గ్రాఫిక్స్ కార్డు చేసే పనల్లా తెర మీది చుక్కల్ని నింపడం. మామూలు 1080 తెరకి ఇరవై లక్షల చుక్కలు. 1440 అయితే దాదాపు 37 లక్షలు. ఫోర్‌కే అయితే 83 లక్షలు. దాన్ని సెకనుకి అరవైసార్లు నింపాలా, నూట నలభైసార్లా? తెర తేలకుండా కార్డు ఎలా తేలుతుంది? ముప్పై వేలు, నలభై వేలు కార్డుకి పోసి, అన్నయ్య వదిలేసిన పాత ఆఫీసు మానిటర్‌కి తగిలించినవాళ్లని నేనెరుగుదును. సెకనుకి 144 ఫ్రేములు చూపే మానిటర్ కొని, విండోస్ సెట్టింగ్ మార్చక నెలల తరబడి అరవై మీదే ఆడినవాళ్లూ ఉన్నారు. ఆరు వేల వేగం అని రాసున్న డీడీఆర్5 ర్యామ్ కొని, బయోస్‌లోకి వెళ్లి ఒక్క మీట మార్చనందుకు 4800 మీదే నడుపుతుంటారు.

వీళ్లకి కొత్తగా ఇంకో భయం పట్టుకుంది, బాటిల్‌నెక్. "ఈ ప్రాసెసర్‌కి ఈ కార్డు పెడితే పన్నెండు శాతం బాటిల్‌నెక్ అట మావయ్యా." ఎవరు కొలిచార్రా ఆ పన్నెండు? ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటి ఇంకోదాని కోసం ఆగుతూనే ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ చిన్న రిజల్యూషన్‌లో ఆడితే భారం ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్ సెట్టింగులన్నీ పైకి పెట్టి 1440లో ఆడితే కార్డు చెమటలు కక్కుతుంది. అదే మిషను, వేరే గేమ్. ఒకే అంకె రెంటికీ ఎలా సరిపోతుంది?

ఒక్క విషయంలో మాత్రం కాలం ఏమీ మారలేదు, పేర్లు పెట్టి మోసం చేయడంలో. టీఎన్‌టీ2 గ్రాఫిక్స్ కార్డు కొనాలని వెళ్తే టీఎన్‌టీ2 ఎం64 చేతిలో పెట్టేవారు. ఆ 64 అంటే మెమరీ దారి వెడల్పు, అసలుదాంట్లో సగం. 2002లో జీఫోర్స్4 ఎంఎక్స్ వచ్చింది. పేరులో నాలుగుంది గానీ ఒంట్లో ఉన్నది దాదాపు జీఫోర్స్2 సరుకే. కొత్త గేములకి కావలసిన షేడర్లు దాంట్లో లేవు. పెట్టె మీద మాత్రం 64 ఎంబీ అని పెద్దక్షరాలు. జనం ఎంబీలు చూసి కొన్నారు. ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 3050 చూడండి. ఎనిమిది జీబీది ఒకటి, ఆరు జీబీది ఇంకొకటి. తేడా రెండు జీబీలే అనుకుంటాడు కొనేవాడు. ఆరు జీబీ దాంట్లో కోర్లు 2560 నుంచి 2304కి తగ్గాయి, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96కి కుంచించుకుపోయింది. పెట్టె మీద పేరు మాత్రం అదే. ప్రపంచంలోని సమాచారమంతా జేబులో పెట్టుకు తిరిగే పిల్లలు కూడా దీనికి దొరికిపోతున్నారంటే ఆ అంకెలన్నీ దేనికి?

మేం డబ్బుల్లేక తెలివి వాడేవాళ్లం. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ చవక ప్రాసెసర్. దాని బస్సు వేగం 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450 మీద పరుగెత్తేది. బోర్డు మంచిదైతే, అదృష్టం ఉంటే. ఆ తర్వాత ఏఎండీ డ్యూరాన్ల రోజుల్లో ప్రాసెసర్ నెత్తిమీద తెగిన చిన్న చిన్న గీతల్ని మామూలు పెన్సిల్‌తో కలిపి, వేగానికి వేసిన తాళం తీసేవాళ్లం. పెన్సిల్ ముక్కులో ఉండేది గ్రాఫైటే కదా, కరెంటు పారుతుంది. అప్పటి చిప్పు మీద మూత కూడా ఉండేది కాదు. హీట్‌సింక్ క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో నొక్కేటప్పుడు కాస్త పక్కకి ఒరిగిందా, చిప్పు మూల పుటుక్కుమనేది, నెల జీతం గోవిందా.

నిజం చెప్పొద్దూ, వీళ్లకి కొన్ని సుఖాలున్నాయి. హార్డ్‌డిస్క్ వెనక జంపర్లు పట్టకారుతో పీకి, ఏది మాస్టరో ఏది స్లేవో తేల్చుకునే బాధ లేదు. ఏఎండీ ఏఎం4 బోర్డు 2017లో కొన్నవాడు చాలాసార్లు బయోస్ అప్‌డేట్ చేసుకుని 2022 నాటి ప్రాసెసర్ అందులోనే పెట్టుకోగలిగాడు. మాకో? మొదటి పెంటియమ్ 4 సాకెట్ ఏడాది తిరిగేలోపే పాతబడింది, బోర్డుతో సహా అటకెక్కింది. ర్యామ్ ధరల ఏడుపు మాత్రం ఇద్దరిదీ ఒకటే. 1999 సెప్టెంబర్‌లో తైవాన్‌లో భూకంపం వస్తే మా చీటీల మీద అంకెలు ఎగిరాయి. ఇప్పుడు ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ మింగేస్తుంటే వీళ్ల లిస్టులు ఎగురుతున్నాయి.

కానీ ఎస్‌ఎంపీఎస్, అదే లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె, దాని సంగతి మాత్రం నేను క్షమించను. మేం దాన్ని చేత్తో ఎత్తి చూసేవాళ్లం. 400 వాట్లని స్టిక్కరుండి, ఖాళీ డబ్బాలా తేలిపోతే పక్కన పెట్టేవాళ్లం. లోపల రాగీ, అల్యూమినియమూ లేనిదే బరువెక్కడిది? మోటు పరీక్షే, అయినా దానివల్ల బోలెడు బోర్డులు బతికాయి. ఇప్పుడు దానిమీద '80 ప్లస్ బ్రాంజ్' అని కనిపిస్తే చాలు, కళ్లకద్దుకుంటున్నారు. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా మారుతుందో, అంతే. వోల్టేజి ఎగిరినప్పుడు అది మీ కార్డుని కాపాడుతుందని ఎక్కడా చెప్పదు. పక్కకి తిప్పి లేబుల్ చదవండి. ఇప్పటి ప్రాసెసరూ, కార్డూ తాగేది పన్నెండు వోల్టుల తీగ నుంచే. దాని ఎదురుగా 30 ఆంపియర్లని ఉందా? పన్నెండు ముప్పైలు 360. పైన ఐదొందలని ఎంత పెద్దగా రాసినా పనికొచ్చేది ఆ 360 వాట్లే.

ఇంకా వీళ్లు చూసి కాపీ కొట్టే లిస్టులన్నీ కరెంటు పోని దేశాలవాళ్లు రాసినవి. అందులో యూపీఎస్ అనే పద్దే ఉండదు. మే నెలలో గోదావరి జిల్లాల్లో మధ్యాహ్నం రెండింటికి గేమ్ సేవ్ చేయకుండా కూర్చున్నవాణ్ని అడగండి, దాని విలువ చెబుతాడు. బజార్లో మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లు. పెద్ద కార్డు పెట్టి గేమ్ నడుపుతుంటే కరెంటు పోగానే అది కుయ్యోమని అరిచి మానిటర్‌తో సహా చతికిలబడుతుంది. కాబట్టి కార్డు ఒక మెట్టు దిగినా సరే, ఆ డబ్బు ఇక్కడ పెట్టమన్నాను. "దాంట్లో ఆర్‌జీబీ ఉండదు కదా మావయ్యా" అన్నాడు.

చివరికి మిషను కట్టాడు. మాట వినకపోలేదు, మానిటర్ ముందే కొన్నాడు, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో తీసి పంపాడు. బాగానే ఉందిరా అనుకుంటుంటే రెండోరోజు మళ్లీ ఫోన్: "క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది మావయ్యా." వీడియోలో చూపించమన్నాను. గోడకి పాతకాలపు రెండు కన్నాల బోర్డు. దాంట్లో పట్టడం లేదని, మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను, అదే ఎర్తు పిన్ను, కటింగ్ ప్లయర్‌తో శుభ్రంగా కత్తిరించేశాడు. అక్కతో మాట్లాడి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. ఎర్తు తీగ వేసి, కొత్త బోర్డు బిగించేదాకా ఆ కంప్యూటర్ ఆన్ చేయొద్దన్నాను. వాడు మాత్రం లైట్లు ఎలా ఉన్నాయో చెప్పమని అడుగుతున్నాడు.