అజెండాలో ఆఖరి అంశం: నిత్యజీవం

సంఘం కమిటీ సమావేశం అజెండా ఒకటి నా చేతికి చిక్కింది. కాంపౌండు గోడ ఎత్తు, కోర్టు వాయిదాకి వకీలు ఫీజు, కొత్త సౌండ్ బాక్సులు, గుడి ముందు టైల్సు, బిషప్పుగారు వస్తే వేయాల్సిన దండ సైజు, అన్నీ వరసగా ఉన్నాయి. అట్టడుగున ‘అధ్యక్షులవారి అనుమతితో ఇతర విషయాలు’ అని ఉంది. సువార్త, ఆత్మల రక్షణ, పరలోకం, నిత్యజీవం వగైరాలు దాని కిందికి వస్తాయట. దండ సైజు తేలేసరికి బిర్యానీ వచ్చేసింది కాబట్టి ఇతర విషయాలు వచ్చే నెలకు వాయిదా పడ్డాయి. నిత్యత్వానికి తొందరేముంది, అది ఎటూ నిత్యమే కదా!

ఏ సంఘం అని అడక్కండి. తిరుపతి నుంచి చంద్రగిరి, పాకాల, పూతలపట్టు మీదుగా చిత్తూరు దాకా ఎన్ని గుళ్లు తగుల్తాయో అన్నింట్లోంచీ తలా ఒక పేలిక ఏరి కుట్టిన బొంత ఇది. లూథరన్లకు కొంత, సి.ఎస్.ఐ. వాళ్లకు కొంత, నిన్నగాక మొన్న రేకుల షెడ్డు వేసి ‘అంతర్జాతీయ’ అని బోర్డు పెట్టుకున్న స్వతంత్ర సంఘాలకు కొంత. చదివాక ఎవరికి ఎక్కువ కోపమొస్తే వాళ్లదే అనుకోవచ్చు.

ఈ సీమలో మన పెద్దలు మనకు వదిలిపోయిన ఆస్తి రెండు రకాలు: పని ఒకటి, స్థలం ఒకటి. అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ 1853లో మొదలై చిత్తూరు, పలమనేరు, మదనపల్లె దాకా పాకింది. తూర్పున సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు 1860లలో దిగిన జర్మనీ హెర్మాన్స్‌బర్గ్ లూథరన్లు తర్వాత తిరుపతి, శ్రీకాళహస్తి చేరారు. జేకబ్ ఛాంబర్లేన్ అని ఒక డాక్టరు పాదిరి ఉండేవాడు. 1863లో బండ్లు కట్టుకుని నిజాం రాజ్యం అడవుల్లోంచి గోదావరి దాకా పోయాడు, దారిపొడుగునా వైద్యం చేస్తూ, తెలుగు సువార్త పుస్తకాలు అమ్ముతూ. తెలుగు బైబిలు సవరణకు ఏళ్ల తరబడి కూర్చున్నాడు. 1908లో మదనపల్లెలోనే పోయాడు. మనం ఇప్పుడు ఏసీ కారులో పక్క మండలానికి పోయి రావడాన్ని ‘మిషనరీ యాత్ర’ అని స్టేటస్ పెడుతున్నాం.

అన్నట్టు, ఆయన బండి తోలినవాడి పేరు ఎవరికీ తెలీదు. గుళ్లల్లో చలవరాతి పలకల మీద దొరల పేర్లున్నాయి, వాటి పక్కన ఈనాటి కమిటీవాళ్ల పేర్లున్నాయి. ఈ రెంటి మధ్యా పల్లెపల్లెకూ నడిచిన ఉపదేశి లేడు, పెరటి గడప దగ్గర కూచుని ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించిన బైబిలు స్త్రీ లేదు. పని చేసినవాళ్లకు పలక దొరకలేదు. పలక దొరికినవాళ్లకు పని పడలేదు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం సంగతి చూడండి. క్షయ అంటే ఇంట్లోవాళ్లే దూరం జరిగే రోజుల్లో, 1912లో, డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ చేతుల మీదుగా అక్కడ శానటోరియం మొదలైంది. దాని పేరే యూనియన్ మిషన్ శానటోరియం. ఒకరి బోధ ఇంకొకరికి పూర్తిగా మింగుడుపడని పలు మిషన్లు ఒకే ఆసుపత్రికి ఉమ్మడిగా డబ్బులు వేసుకున్నాయన్నమాట. 1948లో దేశంలో బి.సి.జి. టీకా తొలి అడుగు పడిందీ మదనపల్లెలోనే. అన్ని మిషన్లు కలిసి ఒక ఆసుపత్రి నడిపాయి. మన గుళ్లో కానుకల బీరువాకు రెండు తాళాలు, ఇద్దరు మనుషుల దగ్గర, ఆ ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. బల్ల రోజున మాత్రం ఇద్దరూ ఒకే వరసలో మోకరిస్తారు. మధ్యలో పాస్టరమ్మగారు కూచుంటారు, సరిహద్దు రాయి లెక్కన.

అలా పెద్దలు వదిలిన పనిని దేవుడి మీద పెట్టి, స్థలాన్ని మనం పట్టుకున్నాం. రోడ్డు వైపు గోడ కొట్టి కాంప్లెక్సు కట్టాం. పాత బడి బెంచీల్ని గోడౌన్‌లో చెదలు తింటున్నాయి, కింద షాపుల్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బాడుగ ఎంతొస్తుందో అడిగిన విశ్వాసికి ‘నీకు ఆత్మీయత తగ్గింది బ్రదరూ’ అని జవాబు.

పరలోకం ప్రసంగంలోకి ఎప్పుడొస్తుందో గమనించారా? ఎవరైనా పోయినప్పుడు, ఆ గంటసేపు. మిగతా ఆదివారాలన్నీ అమెరికా వీసా, ఇంటి స్థలం పట్టా, టెన్త్ మార్కులు, గ్రూప్-2. దేవుడు నిన్ను తోకగా ఉంచడు, తలగా చేస్తాడని అయ్యగారు గొంతు పగిలేలా చెబితే ‘ఆమెన్’ అని పైకప్పు ఎగిరిపోతుంది. అందరూ తలలైతే మొండెం ఎవరో మరి! ఆఖరికి సమాధుల తోటలోనూ మనకు పరలోకం గుర్తుకు రాదు, రిజర్వేషన్ గుర్తుకొస్తుంది. మా నాయన పక్కన నాకు, నా పక్కన నా తమ్ముడికి కాకుండా నా బావమరిదికి అని ముందే ముగ్గు పోసి పెట్టుకుంటారు. పైన కుప్పం గ్రానైటు. రెండో రాకడనాడు బూర మోగితే ఆ పలకను నెట్టుకుని పైకి లేవడం సామాన్య భక్తుడి వల్ల అయ్యే పని కాదు.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పినమాట అందరికీ కంఠతా వచ్చు. అందుకే చేతులతో పని లేకుండా ఫ్యాను రెక్కల మీద రాయించారు. ఒక రెక్క మీద దాత పేరు, రెండో రెక్క మీద ఉద్యోగం, మూడో దాని మీద ‘జ్ఞాపకార్థం’. తిరిగేటప్పుడు ఏమీ కనబడదు. అందుకని వేసవిలో కరెంటు పోతే గుడంతా ఉసూరుమంటుంది గానీ ఆ దాత కుటుంబం ముఖాలు మాత్రం వెలుగుతాయి.

కోత పండుగ వేలం చూసి తీరాలి. నాలుగు కేజీల గుమ్మడికాయ అది. బలిపీఠం ముందు నుంచి తెచ్చి మైకులో పాట మొదలుపెట్టారు. పాత సెక్రటరీ వర్గం ఐదు వందలంది. కొత్త సెక్రటరీ వర్గం వెయ్యి అంది. ఐదు వేలు దాటేసరికి కాయ మాట అందరూ మరిచిపోయారు. పాట పాడించే ఆయన ఊరుకుంటాడా! ‘ఏమప్పా, ఎనిమిది వేల కాడ్నే నిలిపేస్తివే, దేవుని మింద ప్రేమ అంతేనా?’ అని ఎగదోశాడు. పదకొండు వేలకు పాడుకున్నాయన కాయను చంకనేసుకుని పాస్టరుగారితో ఫోటో దిగి, కారు డిక్కీలో పడేసుకుని పోయాడు. దాన్ని పెరట్లో కాయించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన అవ్వ వెనక చాప మీద కూచుని ఉంది. ‘బాగుండావా’ అని ఆమెను అడిగిన పెద్దమనిషి ఒక్కడు లేడు. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి మన రైతులు కాయల్ని రోడ్ల పక్కన పారబోసుకున్న రోజుల్లో మన ప్రార్థన అంశాల్లో మామిడి రైతు లేడు. ఏసీల రెండో విడత ఉంది.

డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్‌ల జాతర. ఆఫీసులో ఒక సెమీ, బ్యాంకులో ఒక సెమీ, పార్టీ వాళ్లది ఒక సెమీ. పుట్టకముందే ఇన్నిసార్లు కేకు కోయించుకున్న బిడ్డ లోకంలో ఇంకొకడు లేడు. ఎమ్మెల్యేగారు వచ్చేదాకా ప్రార్థన ఆగుతుంది. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రం చూసి వచ్చారు, మనం సైరన్ విని లేచి నిలబడతాం.

సువార్త పని బొత్తిగా లేదనడానికి వీల్లేదు. ఏటా మహాసభలు పెడతాం. ఫ్లెక్సీలో దైవజనుడి బొమ్మ ఆరడుగులు, యేసుప్రభువు పాస్‌పోర్టు సైజు, కింద కమిటీవాళ్లు అచ్చొత్తిన చిరునవ్వులతో. సభ ఎక్కడ? మన గుడి ఆవరణలో. ఎవరికి? మనకే. రక్షణ కావాల్సినవాళ్లు చేతులెత్తండి అంటే పోయినేడు ఎత్తినవాళ్లే మర్యాదకి మళ్లీ ఎత్తారు. ఫోటో దాతలకు పోయింది. ఆ లెక్కన మా గుళ్లో ఒక్కొక్కరూ తలా ఐదారుసార్లు రక్షింపబడి ఉన్నారు. ఇక సంఘం పెరిగింది అనే మాట వినబడితే పక్క వీధి సంఘం తరిగిందని అర్థం చేసుకోవాలి. ఒక్క గొర్రె కోసం తొంభైతొమ్మిదిని వదిలి కొండల్లో వెతికిన కాపరి కథ చెబుతూనే, పక్క మందలోని తొంభైతొమ్మిదికి వాట్సాప్ గ్రూపు లింకు పంపే కాపరులం.

బయటివాళ్ల దగ్గరికి ఎందుకు పోరన్నా అంటే, ‘తిరుపతి కదా, ఇక్కడ కుదర్దు, చట్టముండాది’ అంటారు. ఉంది. ఇతర మతాల ఆరాధన స్థలాల దగ్గర మతప్రచారం చేయకూడదని 2007లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది, తిరుమల దాని కిందికే వస్తుంది. న్యాయమే కదా! మన గుడి గేటు దగ్గర ఇంకొకరు వచ్చి కరపత్రాలు పంచితే ఊరుకుంటామా? మొక్కు తీర్చుకోను మెట్లెక్కుతున్న మనిషి చేతిలో కాగితం కుక్కడం సువార్త కాదు, తెంపరితనం. కానీ పక్కింట్లో జ్వరంతో పడున్నవాడికి గంజి పొయ్యకూడదని ఆ చట్టంలో ఎక్కడుంది? కొండ మీద వద్దంటే కొండ కింద కూడా మానేసేంత విధేయత మనది. ఇందులో పావు వంతు ట్రస్టు డీడుకు చూపించి ఉంటే వకీళ్లకు పని తగ్గేది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మన తరిగొండ ఆడబిడ్డ వెంగమాంబ పేరుతో కొండ మీద అన్నప్రసాద భవనం ఉంది. రోజూ వేలమంది తింటారు, పేరేమిటని ఎవరూ అడగరు. మన ప్రేమవిందుకు కూపన్లు. కూపన్ లేనివాడికి ప్రేమ ఉంది గానీ విందు లేదు.

చాలా ఇళ్లల్లో తలుపు తడుతున్న ప్రభువు బొమ్మ క్యాలెండరు ఉంటుంది. అది అవిశ్వాసి గుండె తలుపు అని సండే స్కూల్లో చెప్పి పంపేశారు మనల్ని. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తీసి చూడండి. ఆ మాట పోయింది లవొదికయ సంఘానికి, మాకేం తక్కువ అని జబ్బలు చరుచుకునే సంఘానికి. ఆయన తడుతున్నది గుడి తలుపు, అదీ బయట నిలబడి.

మొన్న సర్వసభ్య సమావేశంలో యూత్ పిల్లోడొకడు లేచాడు. ‘రుయా ఆసుపత్రిలో మనిషిని చేర్చి రాత్రిపూట వరండాల్లో దుప్పటి పరుచుకునేవాళ్లు ఉండారు. మదనపల్లె నుంచి, పుంగనూరు నుంచి వస్తారు పాపం. మన కాంప్లెక్సు మేడ మీద హాలు ఖాళీగానే ఉంది గదా. రాత్రిళ్లు వాళ్లను పడుకోనిస్తాం, పొద్దున్నే టీ ఇస్తాం. ఏ మతమని అడగొద్దు, కరపత్రం ఇయ్యొద్దు’ అన్నాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకరు లేచి వాణ్ని కౌగిలించుకుని ప్రార్థన కూడా చేశారు. తర్వాత చర్చ మొదలైంది. ప్రారంభానికి ఎవర్ని పిలవాలి, పలక మీద ఎవరి పేరు ముందుండాలి అని గంటన్నర గడిచింది. అప్పటిదాకా కాలిక్యులేటర్ నొక్కుతూ కూచున్న ట్రెజరరన్న తలెత్తాడు.

‘మనిషికి రాత్రికి నూటయాభై పెట్టినా లాడ్జి కంటే తక్కువేగా అప్పా. ఆధార్ జెరాక్స్ తీసుకోవాల. అడ్వాన్సు మాత్రం రెండ్రోజులది ముందే కట్టించుకోవాల, పేషెంటు మధ్యలో పోతే మళ్లా వసూలు కాదు.’